గాలమా, ఇవాళ నీకేం తొడగను?

గాలమా! వేలెడైనా లేని వంకర తీగా! నెలవంకను విరిచి, నిప్పులో కాల్చి, నీళ్లలో ముంచి, కొసకు ముల్లు దిద్ది నిన్నెవరు చేశారో గాని, హుస్నాబాద్ ఎల్లమ్మ చెరువు కట్ట మీద తెల్లారకముందే నీకు సింగారం మొదలవుతుంది. గుడిలో అమ్మవారికి పసుపూ కుంకుమా. కట్ట కింద నీకు ఎర్రలూ పిండిముద్దలూ. తుంగలో నీటికోడి కూస్తుంది, తూము దగ్గర కప్ప బెకబెకమంటుంది, తాటిచెట్ల మీద ఆకాశం ఎర్రబారుతుంది. ఇన్ని మేళాల నడుమ నువ్వు అరచేతిలో చల్లగా పడుకుని, పలకవు, ఉలకవు. నిన్ను చూస్తూ కూర్చున్న నాకేమో గుండె నిండా గుబులు. ఏది తొడగను? ఏ రుచి, ఏ రంగు, ఏ వాసన? ఎంచేది నేను, మోసేది నువ్వు, మెచ్చేది మాత్రం నీళ్లడుగున ఎక్కడో ఉన్న ఆ ప్రాణం.

పరక చేపకు ఎర్ర చాలు. పెంటకుప్ప పక్క తడిమన్ను పెళ్లగిస్తే మెలికలు తిరుగుతూ వెలుగు చూసే ఆ మట్టిబిడ్డను ముక్కగా తుంచి, ముల్లు కనబడకుండా ఎక్కించి, కొస మాత్రం రవ్వంత వదిలేయాలి. ఆ వదిలేసిన కొసదే నాట్యమంతా. రవ్వుకు పిండి. గోధుమపిండిలో తవుడు కలిపి, పిసికి పిసికి, చెవి తమ్మె అంత మెత్తదనం వచ్చేదాకా ఓపిక పట్టాలి. పలచనైతే నీళ్లు తాకగానే కరిగిపోతుంది, గట్టిదైతే రవ్వు మూతి ఆనించి ముఖం తిప్పుకుంటుంది. ఇక జెల్ల. దానికి కళ్లతో పనిలేదు. చీకటి చిక్కబడ్డాక మీసాలతో బురదను తడుముకుంటూ, కోడిపేగు కంపును వెతుక్కుంటూ వస్తుంది. ఒకరికి కంపైనది ఇంకొకరికి పరిమళం, ఏం చేస్తాం!

నీ సింగారం నిన్నటి ముచ్చట కాదు. ఈ నేల కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉన్న 12వ శతాబ్దంలో, సింహాసనం మీద కూర్చున్న మూడో సోమేశ్వరుడు తన ‘మానసోల్లాసం’లో రాజుల వినోదాల సరసన మత్స్యవినోదానికీ చోటిచ్చాడు, ఏ చేపకు ఏ మేత అని లెక్కగా చెప్పాడు. ఏనుగులూ రత్నాలూ సంగీతమూ చెప్పిన నోటితోనే చేప ఎర గురించీ చెప్పిన ఆ రాజుకు నా దండం! అంతకు వెయ్యేళ్లకు కాస్త తక్కువ కాలం ముందే, మాసిడోనియా ఏటి ఒడ్డున ఎర్ర ఉన్ని చుట్టి, కోడి ఈకలు రెండు కట్టి నీళ్లలోకి వదిలే జాలర్ల సంగతి రోమన్ రచయిత ఏలియన్ రాసిపెట్టాడు. పట్టు కట్టినా, ఉన్ని చుట్టినా, మన్ను పూసినా, నువ్వు నువ్వే.

నీకు పైన కావలి నెమలీక. కన్నున్న కొస కాదు, తెల్లని కాడ. దాన్ని జానెడు కోసి తంగుసుకు కడితే సగం నీళ్లలో, సగం గాలిలో నిలబడి, రెండు లోకాల మధ్య కబురు మోస్తుంది. పరక ముట్టుకుంటే చిటచిటలాడుతుంది. రవ్వు ముట్టుకుంటే మెల్లగా ఒరిగి, ఆలోచించి, మళ్లీ లేస్తుంది. జెల్ల లాగితే పక్కకు ఈడ్చుకుపోతుంది. చెయ్యి తొందరపడితే పక్కన కూర్చున్న పెద్దాయన చూపు తిప్పకుండానే అంటాడు: “ఆగు బిడ్డా, మింగనియ్యి.”

సముద్రాల అవతల, అమెరికా పడమటి తీరపు చల్లని ఏళ్లలో, నీ తోబుట్టువులకు మరో వైభోగం. అక్కడ స్టీల్‌హెడ్ అనే వెండిచేప ఏట్లో పుట్టి, కడలిలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ ఏటికే ఎదురెక్కుతుంది. మత్తడి దుంకినప్పుడు మన చేపలు వరదకు ఎదురీదినట్టే, కాకపోతే వందల మైళ్లు. ఆ దారిలో దానికి తిండి మీద ధ్యాస పెద్దగా ఉండదు. ఆకలి లేనివారికి ఏం వడ్డిస్తావు? అందుకే అక్కడివాళ్లు గాలాన్ని చిన్న పట్టకారులో బిగించి, ఈక మీద ఈక పేర్చి, పట్టుదారం బిగించి, వెండిజరీ చుట్టి, కడుపు నింపేదాన్ని కాక కంటిని కవ్వించేదాన్ని కడతారు. మసక వెలుగుకు నల్లనిది, ఎండపొడకు మిలమిలలాడేది. మన దక్షిణాది అడవికోడి మెడ ఈకలు, మైనపు చుక్కలద్దినట్టు మెరిసే ఆ ఈకలు, ఒకప్పుడు ఓడలెక్కి వెళ్లి సీమదొరల సాల్మన్ గాలాలకు కళ్లయ్యాయి. ఏ కొమ్మ మీద కూసిన కోడి, ఏ ఏట్లో చూపైంది!

మరి నువ్వో, కొర్రమట్టా! తెలంగాణ రాష్ట్రపు చేపవని పేరు తెచ్చుకున్న పాముతల రాజసమా! నీళ్లలో బతుకుతూ గాలి గుటకేయడానికి పైకొచ్చే దొరా! చెరువెండితే బురదలో ఒదిగి వానకోసం ఓపిక పట్టే తపసీ! మృగశిర నాడు ఊరంతా నీ పేరే జపిస్తుంది, బజారులో నీ ధర అందని కొమ్మెక్కుతుంది. నీకు ఎర్ర ఆనదు, పిండి రుచించదు. నీకు కప్ప కావాలి, తామరాకుల మీద తప్పుతప్పున గెంతే ప్రాణమున్న కప్ప. గెంతు ఆగితే నీ మోజూ ఆగుతుంది. నీ నారింజవన్నె పిల్లలు గుంపుగా నీటిమీద తేలేటప్పుడు మాత్రం నీకు ఆకలితో పనిలేదు. కింద కాపలా కాస్తూ, దగ్గరికొచ్చిన దేన్నైనా కోపంతో కొరుకుతావు. ఆ కోపాన్ని వాడుకుని నిన్ను పట్టేవాళ్లున్నారు. నా గాలం ఆ గుంపు వైపు పోదు. కన్నవాళ్ల కోపం మీద వల పన్నడం వేట కాదు.

ప్రాణమున్న కప్పను గుచ్చడానికీ చెయ్యి రాక, ఇప్పుడు రబ్బరు కప్ప తొడుగుతున్నాను. లోపలంతా డొల్ల, పొట్ట లేతాకుపచ్చ, వెనక కాళ్లకు బదులు కుచ్చులు. వీపును హత్తుకుని రెండు ముళ్లు పైకి తిరిగి ఉంటాయి కనుక ఏ తీగా పట్టుకోదు. దవడ పడ్డప్పుడే ఒళ్లు అణిగి ముళ్లు బయటికొస్తాయి. తామరాకు అంచున వేశాను. ఒక్క గెంతు. ఆగింది. రెండో గెంతు. గుబుక్కుమని నీళ్లు పగిలాయి! వెదురు వంగింది, తంగుసు పాడింది, కొర్రమట్ట కాడల్లోకి దూకింది. పట్టు, గాలమా! అటు పోనియ్యకు, ఇటు తిప్పు, ఇంకో మూర, ఇంకో బెత్తెడు...