గిడుగువారి సవర వ్యాకరణము

పరభాషను దాని మాటలాడువారి సహవాసమువలననే నేర్వవలెనని చెప్పువారు పెక్కురు కలరు. అట్లు నేర్చి చూపినవారు కొలదిమందియే. గిడుగు రామమూర్తి పంతులుగారు 1931లో ఇంగ్లీషున ప్రకటించిన సవర వ్యాకరణమును మరల చదువగా మాకు తోచినది ఇదియే. (వ్యావహారికమునకై జీవితమెల్ల పోరాడిన వారి గ్రంథమును గ్రాంథికమున విమర్శించుట వింతయే, పాఠకులు మన్నింతురు గాక.)

పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నున్న పంతులుగారికి, పొరుగు కొండలలోని సవరలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనను కోరిక కలిగెను. సవర ముండా కుటుంబమునకు చెందినది. తెలుగుతో దానికి చుట్టరికము లేదు. అప్పటికి దానికి లిపియు లేదు. కావున రెండు భాషలు నెరిగిన యొకనిని తమ యింటనే యుంచుకొని, ఏండ్ల తరబడి విని, పలికి, తప్పులు దిద్దించుకొని నేర్చిరి. శబ్దమంజరి వల్లించుటయే భాషాభ్యాసమనుకొను కాలమున ఇది సామాన్యమైన కార్యము కాదు. మన్యమున తిరుగుటచే మలేరియా పట్టెను. దానికి పుచ్చుకొన్న క్వినైనువలన వినికిడి చెడెను. చెవితో భాష నేర్చినవారికి చెవియే పోయినది!

ఆ వినికిడి ఫలము గ్రంథమున అడుగడుగున కానవచ్చును. సవర పలుకులలో ఊపిరి కంఠమున చటుక్కున నిలిచిపోవు తావులు కలవు. తెలుగు చెవికి అవి తెలియవు, తెలుగక్షరములలో వానికి గుర్తులు లేవు. పంతులుగారు వానిని పట్టుకొని గుర్తులు కల్పించిరి. కర్మపదము కురుచయై క్రియలోనికి చొచ్చు తీరును వివరించిరి. పులి నిన్ను పట్టుకొనునను వాక్యమంతయు సవరలో ఒక్క మాటయే. ఇట్టివి ఇంటిలో దినదినమును వినక, ప్రశ్నలడిగి వ్రాసికొన్నంతమాత్రమున చిక్కునవి కావు.

అయినను మాకొక కొఱత తోచుచున్నది. సవరలకై పుస్తకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టిన వీరు, ఈ వ్యాకరణమును మాత్రము ఇంగ్లీషున వ్రాసిరి. దొరలకును పండితులకును అది ఉపకరించినది. ఇంగ్లీషు రాని తెలుగు బడిపంతులు, కొండదారిన పోవు వర్తకుడు దీనిని తెరచియు చదువలేరు. సంతకు దిగిన సవర తెలుగు నేర్చియే యున్నాడు. లేనిచో బేరము కుదరదు. అతని భాషలో ఉప్పు ధర చెప్పగలిగిన తెలుగువారెందరో, మన యింటివారినే అడిగి చూడవచ్చును.