గేదెల కాపరికీ ఓ బొమ్మ కావాలి

మా ద్రాక్షారామం వైపు సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పై మెట్ల మీద దేవుళ్లు, దశావతారాలు. నా కళ్లు మాత్రం కింది మెట్టు మీదే ఆగిపోతాయి. ఎడ్లబండి, రోకలి పట్టిన ఆడవాళ్లు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు అక్కడే కదా ఉండేది!

ఆ కొండపల్లి గీత కార్మికుణ్ణి ఓసారి చేతిలోకి తీసుకుని చూడండి. తెల్లపొణికి కర్ర బెండులా తేలిక. కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపంపొట్టు కలిపిన మక్కుతో ఒంటికి అతికిస్తారు. ఆ చెయ్యి కాస్త పైకి అతికితే హుషారు, కాస్త కిందికి జారితే బద్ధకం. కొండపల్లి బొమ్మలో నవ్వంతా ఆ అతుకులోనే ఉందంటాను నేను.

అమెరికాలో కూడా బాస్‌వుడ్ అనే మెత్తటి కర్రతో కౌబాయ్‌లను చెక్కి నవ్విస్తారు. ముఖాన్ని మింగేసే టోపీ, దొడ్డికాళ్లు, వేలాడే మీసం. ఇలాంటి బొమ్మలు చెక్కడం నేర్పుతూ ఆండీ ఆండర్సన్ అనే చెక్కబొమ్మల కళాకారుడు 1953లో పుస్తకమే వేశాడు. మనం 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ సినిమాతో ఆ టోపీనీ గుర్రాన్నీ తెచ్చుకున్నాం. తమ పశువుల కాపరిని చూసి ప్రేమగా నవ్వుకునే అమెరికావాళ్ల చూపు కూడా తెచ్చుకుంటే ఎంత బాగుండేది!

మన కాపరికేం తక్కువ? కాలవగట్టు మీద కర్ర చంకలో పెట్టుకుని సెల్‌ఫోన్లో సినిమా చూస్తుంటాడు. గేదెలు నీళ్లలో మునిగి ముక్కులు మాత్రం పైకి పెట్టుకుని ఉంటాయి. సాయంత్రం అదే మనిషి బండికి రెండు వైపులా పాల క్యాన్లు తగిలించుకుని, మెడ వంచి భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని పాలకేంద్రానికి పోతాడు. ఆ వంగిన మెడ కొండపల్లి చేతికి దొరికితే చాలు.

పొణికి కర్ర దొరకడమే కష్టమైన రోజుల్లో, అమ్ముడుపోతుందో లేదో తెలియని కొత్త బొమ్మను కళాకారులు తమంతట తాము ఎలా చేస్తారు? ముందు అడగాల్సింది మనమే. కొండపల్లి బొమ్మల కాలనీకో, లేపాక్షి హస్తకళల దుకాణానికో వెళ్లినప్పుడు గేదెల కాపరి బొమ్మ ఉందా అని అడగండి. లేదంటే కళాకారుడికి బయానా ఇచ్చి చేయించుకోండి. వచ్చే సంక్రాంతికి మీ కొలువులో గీత కార్మికుడి పక్కన నిలబెట్టండి.