ముఖం ఉంది, పేరేది?

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండుల గోడు ఏమిటో తెలుసుకోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు పంపింది. మార్లవాయిలో కాపురముండి ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ భాండాగారంలో ఉన్నాయి.

వాటి విలువను మేము తక్కువ చేయం. మన తాతల ఇళ్లు, నగలు, దండారి ఆటలు వాటిలో కళ్లకు కడతాయి. అయితే చాలా ఫొటోల వివరాల్లో ‘గోండు స్త్రీ’, ‘గోండు పురుషుడు’ అనే ఉంటుంది. మన గూడేల్లో మనిషిని అలా గుర్తుపట్టం. ఇంటిపేరేమిటి, ఎన్ని దేవుళ్ల సగా అని అడుగుతాం: నాలుగా, ఐదా, ఆరా, ఏడా? వావివరసలు తేలేది అక్కడే. ఆ వంశగాథలను కీక్రీ వాయిస్తూ నిలబెట్టినవారు ప్రధాన్‌లు. కెమెరా రూపాన్ని దాచింది, ఈ తెలివిని వదిలేసింది.

ఆ లోటు పూడ్చాల్సింది మనమే. ఉపాధ్యాయులు, యువకులు ఆ ఫొటోలను అచ్చుతీసి గూడెం పెద్దలకు చూపించాలి. ఎవరి అవ్వో, ఎవరి తాతో వారు చెప్పింది చెప్పినట్టు గోండిలోనే రాసుకోవాలి. ఆనాటి పసిపిల్లలకే ఇప్పుడు ఎనభై దాటాయి. ఈ పని వచ్చే దండారికే మొదలుపెడదాం.