వినపడని జారు

మొదటి పావుగంట మా మేనకోడలు పాట జోలికే పోలేదు. ఫిడేలు రెండో తీగ మీద చూపుడు వేలు ఆనించడం, ఆ వేలినే రెండు మెట్లు పైకి జరపడం, మళ్లీ కిందికి దించడం. అంతే పని. పక్కన కుర్చీలో అరవై దాటిన టీచరమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. ఐదోసారో ఆరోసారో, కళ్లు తెరవకుండానే అంది: "బొటనవేలు ఆలస్యంగా బయల్దేరింది." నేనేమో పిల్ల చేతికేసి కళ్లప్పగించి చూస్తున్నాను. నాకు కనబడలేదు. ఆవిడకు వినబడింది.

ఇది ఒహైయోలో, ఓ పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో. పిల్ల అక్కడ చదివేది కంప్యూటర్ సైన్స్. దాని పక్కన వయొలిన్ ప్రదర్శనలో మైనర్ చేస్తోంది. మన ఆంధ్రలోనూ 2023-24 నుంచి డిగ్రీ కాలేజీల్లో మేజర్, మైనర్ అన్న మాటలు వాడుకలోకి వచ్చాయి గనక పెద్దగా వివరించక్కర్లేదు. మా చెల్లెలికి మాత్రం ఇంకా మింగుడు పడలేదు. "మైనర్ అంటే ఏమిటన్నయ్యా, హాబీకి సర్టిఫికెట్టా?" అని విజయవాడ నుంచి ఫోన్లో అడిగింది. నిజం చెప్పాలంటే నేనూ సగం ఆ అనుమానంతోనే వెళ్లాను.

హాబీ అయితే ఇన్ని గడపలు ఎక్కించరు. ముందు ఆడిషన్లో వాయించి ఒప్పించాలి. చోటు దొరికాక వారానికోసారి గురువు ఎదుట ఒంటరి పాఠం, ఆర్కెస్ట్రాలోనో చిన్న బృందంలోనో వాయించడం, సంగీత శాస్త్రం, విన్నదాన్ని విన్నట్టు కాగితం మీద రాసే చెవి తరగతి, సెమిస్టర్ చివర ఆచార్యుల ముందు వాయించి చూపే జ్యూరీ పరీక్ష. క్రెడిట్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి గానీ చాలాచోట్ల ఇరవైకి కాస్త అటూ ఇటూ. ఇందులో నాకు గిట్టని లెక్క ఒకటుంది. ఆర్కెస్ట్రాలో వారానికి నాలుగు గంటలు కూర్చోబెట్టి చేతిలో పెట్టేది ఒక్క క్రెడిట్. కోడింగ్ క్లాసులో అంతకంటే తక్కువసేపు కూర్చున్నా మూడిస్తారు. ఈ తూకం వేసిన మహానుభావుడెవరో గానీ ఎన్నడూ ఫిడేలు చేతబట్టి ఉండడు.

మళ్లీ ఆ వేలి దగ్గరికి వద్దాం. నేనూ కుర్రతనంలో విజయనగరంలో నాలుగేళ్లు ఫిడేలు గీకినవాణ్ణే. జంటస్వరాలు, అలంకారాలు గట్టెక్కి వర్ణాల దగ్గర చతికిలబడ్డాను. మన పద్ధతిలో నేల మీద మఠం వేసుకుని కూర్చుంటాం. ఫిడేలు ఒక కొస ఛాతీకీ భుజానికీ మధ్య ఆనుతుంది, దాని తలకాయ కుడి పాదం మీద కూర్చుంటుంది. రెండు చోట్లా ఆసరా ఉంది గనక ఎడమ చేతికి మోసే పని లేదు. తీగ పొడవునా పైకీ కిందికీ హాయిగా జారుతుంది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దొరల దగ్గర నేర్చుకుని ఈ వాద్యాన్ని మన సంగీతంలోకి తెచ్చారంటారు. వాద్యం వాళ్లదే అయినా కూర్చున్న తీరు మనది. ఆ కూర్చోవడంలోనే సగం గమకాలు ఉన్నాయి.

అక్కడ నిలబడి వాయిస్తారు. ఫిడేలు గడ్డానికీ భుజానికీ మధ్య ఇరికి ఉంటుంది. చెయ్యి పైకి వెళ్లేటప్పుడు పెద్ద చిక్కు లేదు. కిందికి దిగేటప్పుడే తంటా. చేతితో పాటు ఫిడేలు కూడా గడ్డం కింద నుంచి జారి వచ్చేస్తుంది. అందుకని దిగేముందు బొటనవేలు కాస్త ముందుగా, చప్పుడు చేయకుండా బయల్దేరి వెళ్లి కింద చోటు చూసి పెట్టాలి. పెళ్లివారు దిగేలోపు విడిది చూడ్డానికి వెళ్లే చిన్నాన్నలాగ. టీచరమ్మ పట్టుకున్నది ఆ చిన్నాన్న ఆలస్యాన్నే.

పిల్లకు ఇంకో చిక్కుంది. విజయవాడలో ఎనిమిదేళ్లు కర్ణాటక పద్ధతిలో నేర్చుకున్న చెయ్యి అది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లేటప్పుడు మధ్యలో దారంతా వినిపించడం దానికి పుట్టుకతో వచ్చినంత అలవాటు. మనకు అది జారు, అందం. ఆ జారు లేకపోతే రాగం ఎముకల గూడులా ఉంటుంది. బాఖ్ సంగీతంలో అదే జారు అద్దం మీద వేలిముద్ర. "మొదటి సెమిస్టరంతా నన్ను వైబ్రాటో ముట్టుకోనివ్వలేదు మామయ్యా," అంది పిల్ల. "మన కంపితం వచ్చేస్తోందని." వైబ్రాటోలో వేలు స్వరం మీదే నిలబడి కొద్దిగా దొర్లుతుంది. మన కంపితంలో పక్క స్వరం గుమ్మం దాకా వెళ్లి పలకరించి వస్తుంది. చూసేవాడికి రెండూ చేతి ఊపే.

ఇక్కడే ఆ టీచరమ్మ పనితనానికి దండం పెట్టాలనిపించింది. పాత అలవాటు మరిచిపొమ్మని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. దానికి బదులు, ముందు ఆ జారును పూర్తిగా వినిపించమంది. నెమ్మదిగా, వికారంగా, అంబులెన్సు కూతలా. వేలు బరువు తగ్గకుండా, కమాను ఆగకుండా. అలా వాయిస్తే చెయ్యి ఏ దారిన పోతోందో, ఎక్కడ తడబడుతోందో చెవికి దొరుకుతుంది. దారి కుదిరాక ఒక్కటొక్కటే తీసేయించింది. మొదట వేలి బరువు తగ్గించింది. తీగను అదిమిన వేలు దాన్ని తాకీ తాకనట్టు తేలికపడాలి, కానీ వదలకూడదు. తర్వాత కమాను. చెయ్యి కదిలే ఆ క్షణంలో కమాను మీద నుంచి రవ్వంత బరువు ఎత్తాలి. ఎక్కువ ఎత్తితే చప్పుడులో గొయ్యి పడుతుంది. ఎత్తకపోతే కూత వినిపిస్తుంది. ఆ రెండింటికీ మధ్య వెంట్రుకవాసి జాగా ఉంది. పిల్ల దాన్ని వెతుక్కుంటూ ఇరవైసార్లు తప్పింది. టీచరమ్మ ఆ ఇరవై తప్పులకూ ఇరవై రకాలుగా తల ఊపింది, ఏ ఊపు దేనికో పిల్లకు తెలుసు.

ఇరవయ్యొకటోసారి కూత మాయమైంది. చెయ్యి అంతకుముందులాగే దారంతా ప్రయాణం చేసింది, నా కళ్లతో చూశాను. జారు ఎక్కడికీ పోలేదు, బట్టలో దాగింది. చిరిగిన పట్టుచీరను రఫ్ఫు చేసి ఇచ్చేవాళ్లు ఉండేవారు, చినిగిన చోటు ఎక్కడో వాళ్లే వేలు పెట్టి చూపించాల్సి వచ్చేది. అలాంటి పని.

ఆ తర్వాత క్రూట్జర్ పుస్తకం తెరిచారు. రోడోల్ఫ్ క్రూట్జర్ రాసిన 42 అభ్యాసాలు. మనకు సరళీస్వరాలు ఎలాగో అక్కడ ఫిడేలు నేర్చే ప్రతివాడికీ అవి అలాగ. రెండో అభ్యాసం మొదటి నుంచి చివరిదాకా ఒకే నడక స్వరాలు. పాడుకోవడానికి ఏమీ ఉండదు. దాన్ని ఒకే బరువుతో, కమాను నడుమ భాగంతో వాయించి నిలబడడం ఎంత కష్టమో, వెయ్యి అడుగుల పొడవునా ఒకే వెడల్పు గట్టు వేసే రైతును అడిగితే చెబుతాడు.

చివరి పావుగంటకు గానీ బాఖ్ రాలేదు. డి మైనర్ పార్టీటాలో మొదటి నృత్యం, ఆల్మాండ్. ఒంటరి ఫిడేలుకు బాఖ్ రాసిన ఆరు రచనల సొంత దస్తూరీ ప్రతి మీద 1720 అని ఉంది. ఏ స్వరాలను ఒకే కమానులో కట్టాలో ఆయన గీసిన వంపు గీతలతో సహా అది ఇప్పటికీ ఉంది. ఈ ఆల్మాండ్‌లో దాదాపు అంతా ఒకే వరస. ఒకసారికి ఒకే స్వరం. అయినా శ్రద్ధగా వింటే కింద ఒక గొంతు, పైన ఒక గొంతు మాట్లాడుకుంటున్నట్టుంటుంది. పిల్ల కాగితం మీద పెన్సిల్ గుర్తులు చూశాను. కమాను కిందికి లాగేచోట ఒక గుర్తు, పైకి తోసేచోట ఒక గుర్తు. కొన్ని చెరిపేసి మళ్లీ రాసినవి. "ఇవి ఆవిడ రాసినవా?" అన్నాను. "ఆవిడ రాసినవి ఆవిడే చెరిపేసి, నన్ను రాసుకోమంది. నా చెయ్యి పొడవుకు ఆవిడ కమాను లెక్క సరిపడదట." కాగితం ఆ చోట పలచబడి అవతలి వెలుతురు కనిపిస్తోంది.

కళ్లు మూసుకుని వినే గురువంటే మా ఊరివాడికి ఇంకొకరు గుర్తు రాకుండా ఎలా ఉంటారు? చూపు అంతంతమాత్రంగా ఉన్న ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు ఆచార్యులుగా చేరారు. గాయకుడి పక్కన ఒదిగి కూర్చునే ఫిడేలును వేదిక నడుమ కూర్చోబెట్టి పూర్తి కచేరీ చేయించారు. ఆయన తీసిన కమాను గురించి మా ఊళ్లో పెద్దలు ఇప్పటికీ భోజనం ఆపి మరీ చెబుతారు. మైనర్ అన్న మాటకు తెలుగులో నాకు తోచినది పక్కవాద్యం. పక్కవాద్యం వాడికి పాట సగం వస్తే చాలదు. గాయకుడు ఎటు తిరుగుతాడో ముందే తెలిసి ఉండాలి. ఆ మాటకొస్తే పొద్దున్న కోడింగ్ పరీక్ష రాసి, సాయంత్రం నాలుగు గంటలు ప్రాక్టీసు గదిలో నిలబడే పిల్లకు పక్కది ఏదో, నడుమ కూర్చున్నది ఏదో నేను తేల్చి చెప్పలేను.

జ్యూరీ నేనున్న వారంలోనే పడింది. గదిలో ముగ్గురు ఆచార్యులు, పది నిమిషాలు, చప్పట్లుండవు. మధ్యలో ఆపి చాలు అన్నా అనవచ్చు, అది మందలింపేమీ కాదు. బయటివాళ్లను రానివ్వరు గనక నేను వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. తలుపు వెనక నుంచి స్కేలు, క్రూట్జర్, ఆల్మాండ్ వరసగా వచ్చాయి. తీగ మీద చెయ్యి మారే చోట్లు నాకిప్పుడు తెలుసు. ప్రతి చోటా చెవి రిక్కించాను, ఏమీ దొరకలేదు.

రెండు రోజులకు ముగ్గురి కాగితాలూ పిల్ల చేతికొచ్చాయి. ఆల్మాండ్ రెండో సగంలో తొందరపడిందని ఒకరు రాశారు. అది నిజమే. మరొకరు ఒకే వాక్యం రాశారు, దాని కింద గీత కూడా గీశారు. ఆ రాత్రి పిల్ల తల్లికి వీడియో కాల్ చేసి సంబరంగా చదివి వినిపించింది, తెలుగులో: "చెయ్యి మారడం అసలు వినపడలేదు అని రాశారమ్మా!"

అవతల కాసేపు మాట లేదు. తర్వాత మా చెల్లెలు దిగులుగా అంది: "వినపడలేదా? కాస్త గట్టిగా వాయించకపోయావా తల్లీ."