పాముపిల్లకు ఏం పెట్టాలి?

శ్రావణ శుద్ధ పంచమి నాడు కరీంనగర్ చుట్టుపక్కల ఏ ఊరి పొలిమేరకు వెళ్లినా పసుపు కుంకుమలు చల్లిన పుట్ట కనిపిస్తుంది. కన్నంలో పాలు, అంచున కోడిగుడ్డు, చుట్టూ ప్యాలాలు. పొద్దు వాలేసరికి చీమలు బారులు తీరతాయి, పాము మాత్రం ఆ దరిదాపులకు రాదు. ఇవే ఊళ్ల నుంచి హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లిన పిల్లల్లో కొందరు ఇప్పుడు అద్దాల పెట్టెలో కార్న్ స్నేక్ పిల్లను పెంచుకుంటున్నారు. ముందుగా వాళ్లకొచ్చే అనుమానం, ఏ విటమిన్ పొడి వేయాలని. పుట్టలో పాలు పోసే చేతిదీ, డబ్బా మూత తీసి పొడి చల్లే చేతిదీ ఒకే ప్రేమ. రెంటిలోనూ ఉన్న పొరపాటు కూడా ఒకటే: పాముకు దాని తిండి చాలదేమోనన్న బెంగ.

పాల సంగతి ముందు తేల్చేద్దాం. పాము క్షీరదం కాదు, పాలను అరిగించుకునే ఏర్పాటు దాని కడుపులో లేదు. పండగ రోజు బుట్టలోని నాగు పాలు తాగిందంటే, దానికి కొన్ని వారాలుగా నీళ్లు చూపలేదని అర్థం. గొంతెండిన జీవి ఏ ద్రవమైనా తాగుతుంది. ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా, కడుపులో మిగిలితే అజీర్తి. పండగ వెళ్లాక అలాంటి పాములు చాలా వరకు బతకవు. 1995లో హైదరాబాద్‌లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు అటవీ శాఖతో కలిసి నాగుల పంచమి రోజుల్లో ఆడించేవాళ్ల బుట్టల నుంచి పాములను విడిపించేది ఇందుకే. జెర్రిపోతు బర్రె కాళ్లకు చుట్టుకుని పొదుగు నుంచి పాలు తాగుతుందన్న మాట ఇంకా వింటుంటాం. ఆ ఒక్క మాటకు ఎన్ని జెర్రిపోతులు కర్రదెబ్బలు తిన్నాయో!

ఆదిలాబాద్ వైపు వెళితే పద్ధతి వేరు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాడు మెస్రం వంశం గోండులు నాగోబాను కొలుస్తారు. దానికి కావలసిన గోదావరి జలం కోసం జన్నారం దగ్గరి హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి వస్తారు. మహాపూజకు ఆ జలమే ప్రధానం. మట్టితో పుట్టలు చేస్తారు గాని, బతికున్న పామును పట్టి తెచ్చి ఆడించే పని లేదు. పాముకు నిజంగా పనికొచ్చేవి రెండే: నీళ్లు, మనం దాని జోలికి పోకపోవడం. కేస్లాపూర్ ఆచారంలో ఆ రెండూ ఉండటం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

ఇక పెంపుడు పాము. కార్న్ స్నేక్ సొంత నేల అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు. అక్కడ మక్కల గాదెల దగ్గర ఎలుకల కోసం తిరిగే విషం లేని పాము అది. మన మక్క చేలలో, వరి గట్ల మీద ఆ పని జెర్రిపోతు చేస్తుంది. బందీగా పుట్టి తరతరాలుగా మనుషుల చేతుల్లో పెరిగిన కార్న్ స్నేక్‌ను సాకడంలో కొన్ని దశాబ్దాల అనుభవం పోగయింది. అదిప్పుడు ఒక చిన్న సంప్రదాయమే. రాసిపెట్టిన శాస్త్రం కన్నా చేతివాటం దానిలో ఎక్కువ.

గుడ్డు నుంచి బయటపడిన పిల్ల జానెడు పైచిలుకు ఉంటుంది. దానికి వెంటనే ఆకలి వేయదు, గుడ్డులోని సొన ఇంకా కడుపులోనే ఉంటుంది. వారం, పది రోజులకు మొదటి కుబుసం విడుస్తుంది. తొలి ముద్ద ఆ తర్వాతే. ఆ ముద్ద పేరు పింకీ: అప్పుడే పుట్టిన, వెంట్రుకలు రాని, కళ్లు తెరవని చిట్టెలుక పిల్ల. చంపి గడ్డకట్టించినదాన్ని తెచ్చి రాత్రి ఫ్రిజ్ కింది అరలో కరగనిస్తారు. మర్నాడు ప్లాస్టిక్ కవరులో పెట్టి గోరువెచ్చని నీళ్లలో ముంచుతారు. మైక్రోవేవ్‌లో పెడితే పైన చల్లగా ఉండి లోపల ఉడికిపోతుంది, కడుపు పగలనూ వచ్చు. వేడెక్కాక తుడిచి, పొడవాటి చిమటాతో నడుం దగ్గర పట్టుకుని, తల ముందుకు వచ్చేలా పాముకు చూపిస్తారు. ఎలుకను తలవైపు నుంచి మింగితే కాళ్లు ఒంటికి ఆనుకుని సాఫీగా జారతాయి. అందుకే పిల్ల పాము అటూ ఇటూ మూతితో తడుముతూ తల ఎక్కడుందో వెతుక్కుంటుంది. ఆ వెతుకులాట చూస్తూ కూర్చోవచ్చు గాని, వేలు పెట్టి సాయం చేయబోవద్దు.

సైజుకో లెక్క ఉంది. పాము ఒళ్లు ఎక్కడ బాగా లావుగా ఉందో చూసి, అంతే లావు లేదా దానికి ఒకటిన్నర రెట్లకు మించని ఎలుకను ఇవ్వాలి. పిల్లలకు 5 నుంచి 7 రోజులకోసారి, పెద్దవాటికి 10 నుంచి 14 రోజులకోసారి. తిన్నాక 48 గంటలు చేతిలోకి తీసుకోకూడదు. తీసుకుంటే కక్కేస్తుంది. కక్కిన పిల్లకు జాలిపడి మర్నాడే మళ్లీ పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పని. కడుపులోని ఆమ్లం తిరిగి ఊరడానికి పది రోజులైనా ఆగి, ఈసారి సగం సైజుది పెట్టాలి.

కొన్ని పిల్లలు పింకీని కన్నెత్తి చూడవు. అడవిలో వాటి తొలి వేట చిన్న బల్లులు, కప్పలు. ఎలుక వాసన వాటికి కొత్త. అలాంటప్పుడు అనుభవజ్ఞులు మెల్లగా ఒక్కో చిట్కా వాడతారు. పింకీని సబ్బులేని నీళ్లతో కడిగి వాసన తగ్గించడం ఒకటి. చిన్న డబ్బాకు గాలి రంధ్రాలు చేసి, అందులో పాముపిల్లనూ పింకీనీ ఉంచి, చీకట్లో రాత్రంతా వదిలేయడం ఇంకొకటి. బల్లి వాసన పూయడమూ ఉంది. అయితే గోడమీది బల్లిని పట్టి రుద్దితే దాని పరాన్నజీవులు కూడా అంటుకుంటాయి. నోరు తెరిచి బలవంతాన కుక్కడం మాత్రం పశువైద్యుడి చేతిలో ఉండాల్సిన ఆఖరి అస్త్రం.

ఇప్పుడు విటమిన్ డబ్బా సంగతి. ఎలుకను పాము ముక్కగా తినదు, మొత్తంగా మింగుతుంది. కాలేయంలో విటమిన్ ఎ, ఎముకల్లో కాల్షియం, పేగుల్లోని సరుకుతో బి విటమిన్లు, అన్నీ ఒకే మూటలో వస్తాయి. విటమిన్ సి పాము మూత్రపిండాల్లోనే తయారవుతుంది. పింకీలో ఎముక ముదరదు కాబట్టి కాల్షియం కాస్త తక్కువన్న మాట నిజమే. కానీ మంచి పింకీని వెలుతురుకు పట్టి చూడండి: పలచటి గులాబి చర్మం కింద, కడుపు ఎడమవైపు తెల్లటి మచ్చ కనిపిస్తుంది. అది తల్లి ఎలుక దగ్గర తాగిన పాలు. కాల్షియం లోటును అది కొంత పూడుస్తుంది. పాముకు పాలు ఒంటబట్టే దారి ఇదొక్కటే మరి! పైగా పిల్ల పింకీల మీద ఉండేది కొద్ది నెలలే, ఆ తర్వాత వెంట్రుకలు, గట్టి ఎముకలు ఉన్న ఎలుకలకు మారుతుంది.

పొడి వేస్తే నష్టమేముంది అంటారా? ఎ, డి విటమిన్లు కొవ్వులో కరిగేవి. ఎక్కువైతే ఒంట్లోనే పోగుపడతాయి. డి మోతాదు మించితే కాల్షియం రక్తనాళాల గోడల్లో, మూత్రపిండాల్లో పేరుకుంటుంది. డి కావాలనుకుంటే వెలుతురు దారి ఉంది. 2008లో అచ్చయిన ఒక అధ్యయనంలో, అతినీలలోహిత కాంతి దీపం కింద నాలుగు వారాలు ఉంచిన కార్న్ స్నేక్‌ల రక్తంలో విటమిన్ డి బాగా పెరిగింది. జబ్బు చేసినప్పుడు, ఎదుగుదల ఆగినప్పుడు డాక్టరు చెప్పిన మోతాదు వేరే సంగతి. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు ఎలుక మీద పొడి చల్లితే, చాలాసార్లు ఆ వాసనకే అది మూతి తిప్పుకుంటుంది. ఖర్చు పెట్టాలన్న ఉబలాటం ఉంటే ఎలుక మీద పెట్టాలి. మంచి దాణా తిని పెరిగిన ఎలుకే పాముకు టానిక్కు. ఫ్రీజర్‌లో ఆరు నెలలకు మించి మూలిగిన ఎలుకలో కొవ్వు చెడుతుంది, విటమిన్ ఇ తగ్గుతుంది.

విటమిన్ లోపం అసలు రాదని కాదు. మొత్తం ఎలుకను కాక వేరే తిండి పెట్టినప్పుడు వస్తుంది. పుట్ట దగ్గరి కోడిగుడ్డునే తీసుకోండి. పచ్చి తెల్లసొనలో ఎవిడిన్ అనే మాంసకృత్తి ఉంటుంది, అది బయోటిన్‌ను పట్టుకుని ఒంటికి అందనివ్వదు. కేవలం పచ్చి గుడ్ల మీద బతికిన బందీ సరీసృపాల్లో ఆ లోపం కనిపించింది. చెరువుల్లో ఉండే నీరుకట్టె వంటి చేపలు తినే పాములను బంధించి ఒకే రకం చేప పెడుతూ పోతే మరో చిక్కు. కొన్ని చేపల్లోని థయామినేజ్ విటమిన్ బి1ను విరగ్గొడుతుంది, పాము మెలికలు తిరిగి వణుకుతుంది. అందుకే అలాంటి చేపను 80 డిగ్రీల నీళ్లలో 5 నిమిషాలు ఉంచి ఇవ్వడం పెంపకందారుల అలవాటు.

మన ప్రాంతపు ఎండాచలీ గురించి విదేశీ పుస్తకాలు చెప్పవు. పాము అరుగుదల బయటి వేడి మీద నడుస్తుంది. పెట్టెలో ఒక పక్క 29 నుంచి 31 డిగ్రీలు, మరో పక్క 24 వరకు ఉండాలి. ఆదిలాబాద్‌లో పుష్యమాసపు రాత్రి కొన్నేళ్లు 5 డిగ్రీల దిగువకు పోతుంది. వేడి చాప, థర్మోస్టాట్ లేని ఇంట్లో ఆ రాత్రి పెట్టిన ఎలుక కడుపులోనే కుళ్లుతుంది. రామగుండం మే నెలలో తిప్పలు రెండో వైపు నుంచి. 45 డిగ్రీల ఎండలో రేకుల గదిలోని పెట్టె పాముకు చావే. కరెంటు పోయే వేళలు తెలుసుకుని తిండి రోజు పెట్టుకోవడం ఇక్కడి పెంపకంలో సగం పని.

ఇంకో జాగ్రత్త పూర్తిగా ఈ నేలదే. పింకీలు దొరకలేదని పొలం నుంచి ఎలుకను పట్టి తేవద్దు. నూకల్లో నూనె, జింక్ ఫాస్ఫైడ్ కలిపి పెట్టే మందు, బ్రోమాడియోలోన్ బిళ్లలు తిన్న ఎలుక కొంతసేపు మామూలుగానే తిరుగుతుంది. అది మింగిన పాముకూ విషమే. గట్టు మీది జెర్రిపోతుకు ఆ ముప్పు ఏటా ఉంది, కాపాడేందుకు దానికి యజమాని కూడా లేడు.

జెర్రిపోతునో, నీరుకట్టెనో, నాగునో పట్టి పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కార్న్ స్నేక్ కొనేవాళ్లు కూడా అది బందీగా పుట్టిందేనా, కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని అడగాలి. తొలకరి తర్వాత వాకిట్లోకో బాత్రూంలోకో వచ్చే పాముపిల్ల విషయంలో ఈ వ్యాసంలోని కొలతలేవీ పనికిరావు. అది నాగుపిల్ల అయితే గుడ్డు నుంచి వచ్చిన రోజే దాని కోరల్లో విషం ఉంటుంది. దానికేమీ పెట్టొద్దు, కొట్టొద్దు. పిల్లలను, కోళ్లను దూరం జరిపి, అది ఏ మూలకు వెళ్లిందో చూస్తూ, అటవీ శాఖకో పాములు పట్టేవాళ్లకో ఫోన్ చేయాలి.