నీలము లేని చిత్రములు

పాత మాసపత్రికలను తిరుగవేసిన వారికి "త్రివర్ణ చిత్రము" అను మాట పరిచితమే. ఎఱుపు, పసుపు, నీలము అను మూడు సిరాలను ఒకదానిపై నొకటి అచ్చొత్తి, చిత్రకారుని పటమును పాఠకుని యింటికి చేర్చుటయే దాని అర్థము. ఆ మూడింటిలో ఒకదానిని విడిచి, రెండింటితోనే లోకమును చూపుదుమని సాహసించిన పద్ధతియు నొకటి కలదు. దానిని ద్వివర్ణ పద్ధతి యందము. చలనచిత్రములలో 1909 మొదలు నలుబది యేండ్లకు పైగా అది నడచినది. నేడు దాని పేరు తలచువారు అరుదు. తలచినను, త్రివర్ణమునకు ముందు వచ్చిన కుంటినడకగా తలచుటయే వాడుక. ఈ తీర్పు సరికాదని నా మనవి. రంగు తగ్గుట ద్వివర్ణ చిత్రమునకు దోషము కాదు. తగ్గినదానిని తగ్గినదని చెప్పకపోవుటయే దోషము. చెప్పిన చోట అది కళగాను, సాక్ష్యముగాను నిలిచినది.

మొదట సూత్రమును గూర్చి రెండు మాటలు. 1861లో మాక్స్‌వెల్ అను శాస్త్రజ్ఞుడు లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ నందు ఒక గళ్ళ రిబ్బను చిత్రమును తెరపై రంగులలో చూపెను. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు గాజుపలకల గుండ తీసిన మూడు నలుపు తెలుపు ఛాయాచిత్రములను మరల అట్టి గాజుల గుండనే ఒకేచోట పడవేసెను. మన కంటిలో రంగును గుర్తించు కణములు మూడు విధములుగా నుండుటచే, మూడు వెలుగుల కలయికతో సమస్త వర్ణములను స్ఫురింపజేయవచ్చును. ఆవునకును, కుక్కకును అట్టి కణములు రెండు విధములే. ఐనను వాటి జీవయాత్ర సాగుచునే యున్నది. మనుష్యుని చేతి యంత్రము కూడ రెండింటితో సరిపెట్టుకొనుటకు కారణము కేవలము వ్యయమే. రంగు ఒకటి పెరిగినకొలది ఫిలిము పెరుగును, వేగము పెరుగును, వెలుగు ఎక్కువ కావలెను, యంత్రము జటిలమగును.

ఇంగ్లాండునందు జార్జి ఆల్బర్ట్ స్మిత్ 1906లో పేటెంటు పొందిన కినెమాకలర్ ఇట్టిది. దానిని వ్యాపారమున ప్రవేశపెట్టినవాడు చార్లెస్ అర్బన్. కెమేరా ముందు ఒక చక్రము తిరుగుచుండును. అందు ఒక భాగము నారింజ కలిసిన ఎఱుపు, మరియొక భాగము ఆకుపచ్చ. సాధారణ చిత్రమునకు సెకనుకు పదునారు బొమ్మలు చాలు కాలమున దీనికి 32 కావలసెను. ఫిలిము నలుపు తెలుపే. ప్రదర్శించునపుడు అట్టి చక్రమే మరల తిరిగి రంగు నిచ్చును. ఎఱుపు బొమ్మయు, పచ్చ బొమ్మయు ఒకే క్షణమున తీసినవి కాకపోవుటచే, పరుగెత్తు గుఱ్ఱము కాలికి ఒకవైపు ఎఱ్ఱ అంచు, మరియొకవైపు పచ్చ అంచు కనబడుచుండెను.

ఈ పద్ధతికి గొప్ప కీర్తి తెచ్చినది మన దేశమే. 1911 డిసెంబరు 12వ తేదీన ఢిల్లీలో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి దర్బారును అర్బన్ మనుష్యులు చిత్రించిరి. 1912 ఫిబ్రవరిలో లండను స్కాలా థియేటరులో అది సుమారు రెండున్నర గంటలసేపు ప్రదర్శింపబడినది. సిపాయిల ఎఱ్ఱ దుస్తులు, ఏనుగుల అంబారీలు, కుంకుమవన్నె గుడారములు చూచి జనులు ముగ్ధులైరి. వారు చూచిన భారతదేశమున నిజమైన నీలము లేదు. దాని నెవరును వారికి చెప్పలేదు. "సహజవర్ణములు" అనియే ప్రకటనలు ఘోషించినవి. ఆ మాటయే తుదకు స్మిత్‌ను పడగొట్టినది. విలియం ఫ్రీజ్ గ్రీన్ అను ప్రత్యర్థి పక్షము వ్యాజ్యము తెచ్చినది. నీలమును చూపలేని పద్ధతి సహజవర్ణముల నిచ్చునని పేటెంటులో వ్రాసికొనుట చెల్లదని వాదము. 1914లో అప్పీలు న్యాయస్థానము ఆ పేటెంటును త్రోసివేసెను. కళావిమర్శకులు చెప్పవలసిన తీర్పును న్యాయమూర్తులు చెప్పిరి! చిత్రము అసత్యమని వారనలేదు. చిత్రమును గూర్చి వ్రాసిన మాట హెచ్చైనదనిరి.

అమెరికాలోని టెక్నికలర్ సంస్థవారు ఇంతకంటె మెలకువతో నడచిరి. వారు ఒకే కటకము నుండి వచ్చు వెలుగును లోపల రెండుగా చీల్చి, ఎఱుపు, ఆకుపచ్చ భాగములను ఒకే క్షణమున పట్టిరి. ప్రదర్శనలో చక్రముతో పనిలేకుండ, రెండు పలుచని ఫిలిములకు వేర్వేరు అద్దకము పట్టించి, వీపునకు వీపు అంటించిరి. ఆ విధమున 1922లో వచ్చిన "ది టోల్ ఆఫ్ ది సీ" అను చిత్రము ఇప్పటికిని చూడదగినది. ఒక విదేశీయుని నమ్మి బిడ్డను కని, తుదకు ఆ బిడ్డను అప్పగించి సముద్రమున కలిసిపోయిన చీనా యువతి కథ యది. నాయిక పాత్ర ధరించిన అన్నా మే వాంగ్‌కు అప్పుడు పదునేడేండ్లు. ఆమె దుస్తుల ఎఱుపు, తోటలోని పచ్చదనము, ముఖమున మారు ఛాయలు ఎంతో మృదువుగా వచ్చినవి. కథకంతకును కేంద్రమైన సముద్రమో, నీలము గాక లేతపచ్చగా నున్నది. మొదట ఇది కంటికి కొరతగా తోచును. కొంతసేపటికి ఆ పచ్చని సముద్రము ఆ కథకు తగినదే యనిపించును; అది భూగోళమునందలి సముద్రము కాదు, ఆమె దుఃఖమునకు సాక్షియైన సముద్రము. ఈ చిత్రపు చివరి భాగము నశింపగా, 1985లో దానిని పునరుద్ధరించినవారు పాత ద్వివర్ణ కెమేరాతోనే కాలిఫోర్నియా తీరమున సముద్రమును తీసి ముగింపు నతికిరి. నేటి కెమేరాతో నీలసముద్రము తెచ్చి అతుకకుండుట వారి వివేకము.

1926లో వచ్చిన "ది బ్లాక్ పైరేట్" ఇంకొక మెట్టు పైకెక్కినది. దాని నిర్మాతయు నాయకుడు నగు డగ్లస్ ఫేర్‌బాంక్స్ ముందుగా అనేక పరీక్షలు చేయించి, రంగులను అణచి వాడవలెనని నిశ్చయించెను. ఓడ కలప, తోలు, చర్మపు ఛాయ, పాత పటముల గోధుమవన్నె, ఆకుపచ్చ: వీటితోనే చిత్రమంతయు నడచును. పద్ధతి ఇయ్యలేనిదానిని అడుగక, ఇయ్యగలదానిని నిండుగ పుచ్చుకొనిన చిత్రమిది. అంటించిన ఫిలిములు దీపపు వేడికి వంగి, తెరపై బొమ్మ మసకబారుటచే ప్రదర్శకులు విసిగిరి. అది యంత్రదోషము, కళాదోషము కాదు. 1932లో టెక్నికలర్ త్రివర్ణము "ఫ్లవర్స్ అండ్ ట్రీస్" అను చిన్న బొమ్మల చిత్రమునందును, 1935లో "బెకీ షార్ప్" అను పూర్తి చిత్రమునందును వచ్చిన పిమ్మట రంగుల వరద పారినది. కాని పొదుపునందలి శోభ ఆ వరదలో కొంత కొట్టుకొనిపోయినది.

రెండు రంగులతో ఇంత తృప్తి ఎట్లు కలుగును? దీనికి 1959లో ఎడ్విన్ లాండ్ ప్రకటించిన ప్రయోగములు విచిత్రమైన సమాధానము నిచ్చినవి. ఆయన ఒకే దృశ్యమును ఎఱ్ఱ గాజు గుండ నొకసారి, పచ్చ గాజు గుండ నొకసారి నలుపు తెలుపులో తీసి, మొదటిదానిని ఎఱ్ఱని వెలుగుతోను, రెండవదానిని మామూలు తెల్లని వెలుగుతోను తెరపై కలిపెను. లెక్క ప్రకారము తెరపై గులాబి రంగు హెచ్చుతగ్గులు మాత్రమే కనబడవలెను. చూచినవారికి పచ్చ, పసుపు, గోధుమ, ఒకింత నీలము కూడ కనబడినవి! మరుసటి సంవత్సరమే డీన్ జడ్ అను వర్ణశాస్త్రజ్ఞుడు, ఇది క్రొత్త సూత్రము కాదనియు, కన్ను పరిసరములకు అలవాటుపడు గుణముచేతనే ఇది జరుగుననియు వివరించెను. వాదమెట్లున్నను సామాన్యునికి తెలిసినదిది: కన్ను రంగును ఒంటరిగా కొలువదు, ప్రక్కవానితో పోల్చి నిర్ణయించును. అందుచేతనే ద్వివర్ణ చిత్రపు బూడిదవన్నె ఆకాశము, నారింజ దుస్తుల ప్రక్కన నీలమని భ్రమ గొలుపును.

ఈ భ్రమకు హద్దు కలదు. ఆ హద్దు మన తెలుగువారికి బాగుగా తెలియగలదు. మన తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1932లో బొంబాయిలో ఆర్దేషిర్ ఇరానీ నిర్మాణమున, హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వమున వచ్చినదని విన్నవారే. ఆ ఇరానీయే 1937లో "కిసాన్ కన్య" అను హిందీ చిత్రమును సినీకలర్ అను ద్వివర్ణ పద్ధతిలో, మన దేశముననే తయారుచేయించెను. సినీకలర్‌లో ఒకవైపు నారింజ ఎఱుపు, మరియొకవైపు పచ్చ కలిసిన నీలము. పల్లెటూరి రైతుల కథకు కావలసిన మన్ను, ఎండుగడ్డి, ఇటుక, మనుష్యుల మేనిచాయ దానికి అనువైనవే. కాని మన నిర్మాతలకు ప్రాణమైనవి పురాణములు. నీలమేఘశ్యాముడైన రాముని ఈ రెండు రంగులతో చూపుటెట్లు? టెక్నికలర్ ద్వివర్ణమున అశోకవనము పచ్చగా నుండును గాని రాముడు నీలముగా నుండడు. సినీకలర్‌లో రామునికి ఒకవిధమగు నీలము దొరకును గాని అశోకవనము పచ్చగా నుండదు. విదేశపు నిర్మాతలు తమ మనుష్యుల ముఖచ్ఛాయ చెడకుండుటయే మొదటి పరీక్షగా పెట్టుకొని రెండు రంగుల నెన్నుకొనిరి. వారికి విడువదగినదిగా తోచిన నీలమే మనకు దేవుని మేనిరంగు. ఏ రంగును వదులుకొనవచ్చుననునది శాస్త్రము చెప్పు మాట కాదు. ఆ జాతి మనస్సు చెప్పు మాట. తెలుగువారి మొదటి పూర్తి వర్ణచిత్రము "లవకుశ" 1963లో వచ్చునాటికి మూడు పొరల ఫిలిము వాడుకలో నుండుటచే, మనకీ చిక్కు తప్పినది.

తక్కువ రంగులతో పనిచేయుట మనవారికి క్రొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాడు బెల్లపు నీటిలో ఇనుము నానవేసి నలుపును, వేళ్ళనుండి ఎఱుపును, కరక్కాయనుండి పసుపును, నీలిమందునుండి నీలమును తీసి, ఆ కొలదితోనే రామాయణ మంతయు గుడ్డపై నిలిపెను. అతడు దానిని సహజవర్ణమని ఎన్నడును చెప్పలేదు. తన కేది లేకున్న జరుగదో దానిని ముందుగా దగ్గర నుంచుకొనెను. ద్వివర్ణ చిత్రములలో మేలైనవి ఈ మార్గముననే నడచినవి.

ఇక నేటి సంగతి. యంత్రగణకముల సహాయముతో పాత చిత్రములకు రంగులు వేయుట ఇప్పుడు సుసాధ్యము. 1957 నాటి "మాయాబజార్" 2010లో రంగులతో మరల విడుదలై జనాదరము పొందినది. వేడుకగా చూచుటకు అభ్యంతర మేమియు లేదు. కాని శశిరేఖ చీర రంగు ఆ రంగు వేసినవారు నిర్ణయించినది; 1957లో కెమేరా చూచినది కాదు. ద్వివర్ణ చిత్రమున నున్న ఎఱుపు మాత్రము ఆనాడు వస్తువు నుండి వచ్చిన వెలుగును కొలిచి వ్రాసికొనినది. అది సగము చెప్పిన సాక్షి. చెప్పిన సగము నిజము. రేపెవరైన ఢిల్లీ దర్బారు చిత్రమున మిగిలిన ముక్కలకు నీలము చేర్చి, సంపూర్ణమైనదని చూపినచో, ఏది చూచినదో ఏది ఊహించినదో తెలియక మొత్తము సాక్ష్యమే చెడును. కచేరీలో నకలు తీయు గుమాస్తా మూలము చినిగిన చోట "ఇచట చినిగినది" అని వ్రాసి ముందుకు సాగవలెను గాని, అర్థము సరిపోవునని తన మాట చేర్చరాదు. కలము చేతబట్టి నలుబది యేండ్లు గడిపినవానికి ఈ ధర్మము శాస్త్రము చదువకయే తెలియును.

ఈ మాట మన యిండ్లకును చెందును. బరంపురముననో, షోలాపురముననో, హోసూరుననో స్థిరపడిన మన కుటుంబములలో, విడిచి వచ్చిన ఊరికిని, పెద్దలకును మిగిలిన గుర్తు పెట్టెలోని ఫొటోలే. 1970, 1980 నాటి కలరు ఫొటోలు అనేకము ఇప్పుడు ఎఱ్ఱబారి యున్నవి. వాటిలోని నీలపచ్చ అద్దకము ముందుగా వెలిసిపోవుటయే కారణము. అనగా కాలమే వాటిని ద్వివర్ణ చిత్రములుగా మార్చినది. స్టూడియోవారు వాటిని క్రొత్తగా చేసి యిత్తురు. చేయించుకొనుడు, కాని మూలమును పారవేయవలదు. నాయనమ్మ పెండ్లిచీర ఏ రంగో ఎఱిగిన పెద్దలు ఇంకను ఉన్నచో, నేడే అడిగి ఫొటో వెనుక తేదీతో, చెప్పినవారి పేరుతో వ్రాసి యుంచుడు. చెప్పువారు లేనిచో ఆ చీర నట్లే ఎఱ్ఱబారి యుండనిండు.