కిటికీ అవతలి పనితనం

రాయగడ స్టేషన్‌లో రిజర్వేషన్ ఫారం నింపి లోపలికి అందించే మనిషి, ఏ బండికి ఏ కిటికీ అని అడగనక్కర్లేదు. సమతకైనా హీరాఖండ్‌కైనా ఒకటే వరస. కోరాపుట్‌లోనూ అంతే.

ఒకప్పుడు పెద్ద ఊళ్ల స్టేషన్లలో ఇలా కుదిరేది కాదు. బండిబండికీ రిజిస్టరు. అది ఏ గుమాస్తా ముందుంటే ఆ కిటికీ దగ్గరే క్యూ. తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే అవతలి స్టేషన్‌కు టెలిగ్రాం వెళ్లాలి, జవాబు రావాలి.

ఆ తీరు మార్చిన సంస్థ సీఎంసీ. కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ పేరుతో 1975లో ప్రభుత్వం పెట్టింది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లాక, ఇక్కడ మిగిలిన దాని యంత్రాల మరమ్మతు సీఎంసీ చూసుకుంది. ఆ మరమ్మతు సంస్థే తర్వాత ‘ఇంప్రెస్’ అనే రిజర్వేషన్ ప్రోగ్రాం రాసింది. 1985లో ఢిల్లీలో ప్రయోగం మొదలైంది, 1986లో పూర్తిగా వాడకంలోకి వచ్చింది.

అందులో కష్టం లెక్కలది కాదు, రైల్వే నియమాలది. మహిళల కోటా, దారి మధ్య స్టేషన్ల కోటా, ఆర్ఏసీ, వెయిటింగ్ లిస్టు, ఒకరు రద్దు చేసుకుంటే వెనకవాళ్లు ముందుకు జరగడం, బండి కదిలేలోపు చార్టు. గుమాస్తాలకు ఏళ్ల అనుభవంతో అబ్బిన ఈ సంగతులన్నీ యంత్రానికి ఒక్కొక్కటిగా చెప్పాలి. రెండు కిటికీల్లో ఒకే క్షణాన ఒకే బెర్తు అడిగితే ఒకరికే దక్కేలా చూడాలి. రిజిస్టరు ఒక్కటే ఉన్నప్పుడు ఈ చిక్కే లేదు.

తర్వాతి అడుగు రైల్వే సొంత సంస్థ క్రిస్‌ది. అది తయారుచేసిన ‘కాన్సర్ట్’ 1994లో మన సికింద్రాబాద్‌లోనే మొదటగా నడిచింది. 1999కల్లా ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ కలిశాయి. సీఎంసీ 2001లో టాటాల చేతికి వెళ్లి, 2015లో టీసీఎస్‌లో కలిసిపోయింది. పేరు పోయినా ఆ పనితనం మాత్రం గౌరవించి నేర్చుకోదగ్గది.

సునాబెడాలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో, రాయగడ కాలేజీల్లోనో కంప్యూటర్లు చదివే పిల్లలు ఒక పూట ఆ కౌంటర్ దగ్గర నిలబడాలి. గుమాస్తాను ఏమేం అడుగుతున్నారో, ఆయన ఏ జవాబుకు ఎందుకు ఆగుతున్నారో రాసుకోవాలి. కీబోర్డు మీద చెయ్యి ఆ తర్వాతే వెయ్యాలి.